తొండం కుడికి తిరిగిన నలభై వినాయకులు

స్కూలు వార్షికోత్సవాల్లో తరచూ కనిపించే గోడ ఒకటుంది. నల్ల చార్టు మీద వరసగా అంటించిన వెండిరంగు వినాయకులు. ఒక్కో బొమ్మ కింద పేరు, తరగతి, సెక్షను. తల్లిదండ్రులు ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటారు, ముఖ్య అతిథి రెండు నిమిషాలు ఆగి చూసి "బావున్నాయి" అంటాడు. కాస్త దగ్గరికెళ్లి చూస్తే అన్ని చెవులూ ఒకే కొలత, అన్ని బొజ్జలూ ఒకే వంపు. తొండం మాత్రం అందరికీ కుడివైపు తిరిగి ఉంటుంది. ముందు ఇచ్చిన కాగితపు అచ్చులో అది ఎడమకే ఉంది. పిల్లలు రేకు వెనకవైపు పెట్టి గీశారు, ముందుకు తిప్పేసరికి ఎడమ కుడి అయింది. కుడి తొండం వినాయకుడికి నియమనిష్ఠలు ఎక్కువని నమ్మే నాయనమ్మ ఎవరైనా అడిగితే తప్ప ఈ సంగతి ఎవరి దృష్టికీ రాదు.

నిజానికి మెటల్ ఎంబాసింగ్‌లో, అంటే పల్చటి లోహపు రేకును నొక్కి బొమ్మ ఉబ్బించే కళలో, మొదటి పాఠం అదే. రేకుకు రెండు ముఖాలుంటాయి, ఒకదాని గుంట రెండోదాని గుట్ట, ఒకదాని కుడి రెండోదాని ఎడమ. నలభై మంది పిల్లల చేతుల్లోంచి ఆ పాఠం వెళ్లిపోయింది కానీ తలలోకి ఎక్కలేదు. ఎందుకంటే వాళ్లకి ఇచ్చింది ఒక బొమ్మ పూర్తి చేసే పని. రేకుతో చెయ్యి కలిపే పని కాదు.

విశాఖపట్నంలో వేసవి శిబిరాలు, హాబీ క్లాసులు, స్కూళ్లలో రెండు గంటల వర్క్‌షాపులు ఈ కళను పిల్లల దాకా తెస్తున్నాయి. మంచిదే. ఖర్చు తక్కువ, కరెంటు అక్కర్లేదు, నిప్పు అక్కర్లేదు, చేసినది ఇంటికి తీసుకెళ్లి గోడకు పెట్టుకోవచ్చు. కానీ ఇందులో పిల్లలకు అందాల్సిన అసలు విషయం ఒత్తిడి. ఎంత బలంగా నొక్కాలి, ఎక్కడ ఆపాలి, ఎన్నిసార్లు నొక్కాలి అనేది. అచ్చు కాగితం ఇచ్చి గీతల మీద గీయించినంత కాలం అది రాదు.

లోహం మీద బొమ్మ తేవడానికి మన దగ్గర మూడు దారులున్నాయి. ఒకటి పోత. లోహాన్ని కరిగించి మూసలో పోసి పంచలోహ విగ్రహాలు చేసేది ఇలాగే. రెండోది చెక్కడం. ముఖలింగం కేంద్రంగా ఏలిన తూర్పు గంగరాజుల తామ్రశాసనాల మీద అక్షరాలు ఆ దారిలో వచ్చినవే, ఉలి పోయిన చోటల్లా రాగి లోపలికి తెగింది. మూడోది ఒత్తడం. ఇందులో లోహం కలపడం లేదు, తీసేయడం లేదు. ఉన్నది పక్కకు జరుగుతుంది, సాగుతుంది, అంతే. నకాషీ పని అని పాతవాళ్లు అనేది దీన్నే. జనగామ జిల్లా పెంబర్తి పనివాళ్లు ఇత్తడి రేకును ఇలాగే కొట్టి గుడి రథాలకూ వాహనాలకూ తొడుగులు చేస్తారు. గుడికెళ్లినప్పుడు ద్వారబంధానికి తొడిగిన ఇత్తడి రేకు మీద లతల్నీ హంసల్నీ వేలితో తడిమి చూడమంటే చాలు, పిల్లలకు ఈ కళ ఏమిటో సగం తెలిసిపోతుంది. మిగతా సగానికి న్యూయార్క్ దాకా వెళ్లొచ్చు. 1886లో నిలబెట్టిన స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ పైతొడుగు కూడా సుత్తితో కొట్టి ఉబ్బించిన రాగి రేకే. దాని మందం సుమారు 2.4 మిల్లీమీటర్లు. అంత పెద్ద బొమ్మకు అంత పల్చటి చర్మం అంటే ఏడో తరగతి పిల్లలు మొదట నమ్మరు.

పెద్ద పనివాళ్ల దగ్గర రేకు కింద ఆసరాగా గుగ్గిలం, ఇటుక పొడి, నూనె కలిపి కాచిన ముద్ద ఉంటుంది. వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే రేకును గట్టిగా పట్టుకుంటుంది. సుత్తి దెబ్బకు ఎంత లొంగాలో అంతే లొంగుతుంది. స్కూల్లో ఆ పని పాత న్యూస్‌పేపర్లు చేస్తాయి. ఇక్కడే మొదటి పరీక్ష పెట్టొచ్చు. ఒకే రేకు ముక్కను గట్టి బల్ల మీద, పేపర్ల దొంతర మీద, దిండు మీద పెట్టి ఒకే పెన్నుతో ఒకే గీత గీయించాలి. బల్ల మీద గీత పడుతుంది కానీ ఉబ్బదు. దిండు మీద రేకంతా కుంగి గీత చుట్టూ ముడతలు పడతాయి. పేపర్ల మీద మాత్రమే గీత గీతలా నిలిచి, వెనక గట్టులా లేస్తుంది. పాత మౌస్‌ప్యాడ్, చీరి పరిచిన సైకిల్ ట్యూబు కూడా ఇంతే బాగా పనికొస్తాయి. కింద ఏముందన్నది పైన ఏం వస్తుందో నిర్ణయిస్తుందని చెప్పడానికి ఐదు నిమిషాలు, మూడు గీతలు చాలు.

బొమ్మ దగ్గరికి వస్తే, విశాఖ పిల్లలకు మొదటి బొమ్మగా వినాయకుడి కంటే చందువ చేప మేలు. ఫిషింగ్ హార్బర్ దాకా వెళ్లనివాళ్లు కూడా ఇంట్లో వంటకు వచ్చినప్పుడు చూసే ఉంటారు. వంజరంలా పొడుగ్గా ఉండదు, దాదాపు అరచేతిలా వెడల్పుగా, ఒకే ఒక్క పెద్ద ఉబ్బుతో ఉంటుంది. చేపలు తినని ఇంటి పిల్లలకు మామిడికాయ ఇవ్వండి, పద్ధతి అదే.

రేకును ముందువైపు పైకి పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో చందువ చుట్టుగీత తేలిగ్గా గీస్తారు. తిప్పితే వెనక అదే గీత సన్నటి గట్టులా కనిపిస్తుంది. ఇక పని ఆ గట్టు లోపల. పాత పెయింటింగ్ బ్రష్ వెనకకొస లాంటి గుండ్రని కర్రమొన తీసుకుని, కడుపు మధ్య నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా అంచు వైపు రుద్దాలి. గట్టిగా ఒక్కసారి కాదు, తేలిగ్గా పదిసార్లు. ప్రతి చుట్టుకూ రేకు వెంట్రుకవాసి లోపలికి దిగుతుంది. తొందరపడ్డ పిల్లాడి రేకు మీద కర్రమొన నడిచిన దారులన్నీ నాగటిచాళ్లలా విడివిడిగా కనిపిస్తాయి. ఓపిక పట్టిన పిల్ల రేకు వెనక చూస్తే చాళ్లు ఉండవు, గిన్నె అడుగులా నునుపుగా ఉంటుంది. మళ్లీ ముందుకు తిప్పి, ఈసారి కింద పేపర్లు తీసేసి గట్టి టైల్ పెట్టి, చేప చుట్టూ ఉన్న నేలను ఐస్‌క్రీం పుల్లతో చదును చేయాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఉబ్బు అందం ఉబ్బులో కంటే దాని పక్కనున్న చదునులో ఎక్కువ ఉంటుంది. చుట్టూ నేల అణిగేసరికి చేప ఒక్కసారిగా నీళ్లలోంచి పైకి లేచినట్టు కనిపిస్తుంది, క్లాసులో "సార్, లేచిందండీ" అన్న కేక వినిపించేది అప్పుడే. చివర్లో పెన్ను మూత అంచుతో పొలుసులు, వెనక నుంచి ఒక్క చుక్కతో కన్ను. అసలు చందువకు పొలుసులు అంత స్ఫుటంగా ఉండవనుకోండి. పిల్లలు ఎలాగూ పెడతారు, పెట్టనివ్వాలి.

ఈ పనిలో రబ్బరు లేదు. తప్పు గీత పడితే అవతలి వైపు నుంచి నొక్కి సరిచేయొచ్చు గానీ ఆనవాలు పూర్తిగా పోదు. అదే చోట మళ్లీ మళ్లీ అటూ ఇటూ నొక్కితే రేకు చిరుగుతుంది. అది పిల్లల తప్పు కాదు, లోహం గుణం. ఇనుప తీగను చేత్తో విరవాలంటే ఏం చేస్తాం? ఒకే చోట పదిసార్లు అటూ ఇటూ వంచుతాం. మొదటి వంపు తేలిగ్గా వస్తుంది, నాలుగోది మొరాయిస్తుంది, పదోదానికి పుటుక్కుమంటుంది. లోహంలో అణువులు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి, ఆ పేర్పులో చిన్న చిన్న లోపాలుంటాయి. ఆ లోపాలు జరిగే కొద్దీ పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి, అందుకే లోహం పగలకుండా వంగుతుంది. పని చేసే కొద్దీ అలాంటి లోపాలు పెరిగి, చిక్కుపడ్డ దారంలా ఒకదానికొకటి అడ్డం పడతాయి. లోహం గట్టిపడుతుంది, ఆ తర్వాత పెళుసవుతుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు "స్తరణీయత" అనే మాట గుర్తుండే ఉంటుంది. లోహాలు రేకులుగా సాగే గుణం అని ఒక మార్కుకు రాశాం. ఆ గుణానికి ఒక హద్దుందని మాత్రం ఎంబాసింగ్ చేసే పిల్లాడికే తెలుస్తుంది, అది కూడా రేకు చిరిగిన రోజు.

గట్టిపడ్డ లోహాన్ని మళ్లీ మెత్తబరచడానికి కంసాలులు దాన్ని కాలుస్తారు. రాగిని మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ వెన్నలా వంగుతుంది. ఉపాధ్యాయుడు కాస్త మందమైన రాగి తీగ ముక్కతో, పట్టకారుతో, పిల్లల్ని దూరంగా నిలబెట్టి చేసి చూపించదగ్గ పని ఇది. కాల్చక ముందు, కాల్చిన తర్వాత ఆ తీగను వాళ్ల చేతే వంపిస్తే లోహశాస్త్రం అరచేతిలోకి వస్తుంది. అల్యూమినియంతో ఈ పని ఇంత తేలిక కాదు. అది 350, 400 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది గానీ రంగు మారదు, ఎర్రబడదు. ఎప్పుడు ఎర్రబడుతుందా అని చూస్తూ ఉంటే 660 డిగ్రీల దగ్గర కరిగి కారిపోతుంది. పాత పనివాళ్లు దాని మీద సబ్బు రుద్దుతారు, సబ్బు నల్లబడగానే మంట తీసేస్తారు. థర్మామీటరు లేని చోట సబ్బే థర్మామీటరు. ఇదంతా పెద్దల పని. పిల్లలకు మెత్తటి రేకే కొనివ్వాలి.

ఎంత లోతుకు నొక్కితే రేకు ఎంత పల్చబడుతుందో లెక్క కూడా వేయించొచ్చు. డ్రాయింగ్ మాస్టారికీ లెక్కల మాస్టారికీ ఒక పీరియడు పంచుకునే ఉద్దేశముంటే ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. రెండు సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రని చోటును గోళం ముక్కలా అర సెంటీమీటరు ఉబ్బిస్తే ఆ చోటు వైశాల్యం సుమారు 6 శాతం పెరుగుతుంది. లోహం అంతే ఉంది కాబట్టి మందం ఆ మేరకు తగ్గాలి. ఒక సెంటీమీటరు ఉబ్బిస్తే వైశాల్యం 25 శాతం పెరుగుతుంది, 0.1 మిల్లీమీటరు రేకు సగటున 0.08కి దిగుతుంది. రెండు సెంటీమీటర్లు, అంటే పూర్తి అర్ధగోళం చేస్తే వైశాల్యం రెట్టింపు, మందం సగం. లోతు రెట్టింపైతే వైశాల్యంలో పెరుగుదల నాలుగింతలవుతోందన్నమాట, ఎందుకంటే లెక్కలో లోతు వర్గం వస్తుంది. పైగా ఇదంతా సగటు. నిజంగా సాగేది నిటారుగా ఉన్న చోటే, చిరిగేదీ అక్కడే. చందువ కడుపు మధ్యలో చిరగదు, రెక్కల మొదట్లో చిరుగుతుంది. ఎందుకలా అని పిల్లల్ని అడిగి కాసేపు మాట్లాడకుండా ఉంటే, ఆ రెక్క దగ్గర వేలు పెట్టి చూసి వాళ్లే చెబుతారు.

పేరు రాయించే పీరియడు ఇంకో రకం. ఉబ్బెత్తు అక్షరాలు కావాలంటే వెనక నుంచి నొక్కాలి, వెనక నుంచి నొక్కాలంటే అద్దంలో కనిపించినట్టు తిప్పి రాయాలి. ట్రేసింగ్ పేపరు ఇచ్చేస్తే పని అయిపోతుంది. ఇవ్వకుండా ఒక పావుగంట వాళ్లనే తంటాలు పడనిస్తే కిటికీ అద్దానికి కాగితం ఆనించి వెనక నుంచి చూడొచ్చని ఎవరో ఒకరు కనిపెడతారు. తెలుగు అక్షరాలు ఈ కళకు పుట్టు చుట్టాలు కూడా. మూలలు లేవు, అన్నీ వంపులే, రేకు చిరిగే సందర్భం తక్కువ. ఇంగ్లీషులో ఎం, డబ్ల్యూ రాసిన పిల్లల రేకులే మూలల దగ్గర ముందుగా తెగుతాయి. మన లిపి గుండ్రంగా మారడానికి తాటాకే కారణమని చెబుతారు. ఘంటంతో ఈనె వెంట తిన్నగా గీస్తే ఆకు చీలిపోతుంది, వంపు తిప్పితే నిలుస్తుంది. తాటాకు మీద ఘంటంతో రాసిన గీత వెంటనే కనిపించదు. ఆకు మీద మసి పూసి తుడిస్తే, పైనున్నది పోయి గాడిలోది మిగిలి, అక్షరం నల్లగా తేలుతుంది. ఎంబాసింగ్ పూర్తయ్యాక నల్ల రంగు పూసి తుడిచే పనికీ దీనికీ తేడా లేదు. సిరా అయిపోయిన రెనాల్డ్స్ పెన్ను చేతిలో ఉన్న పిల్లాడు, తెలియకుండానే, ఘంటం పట్టుకుని కూర్చున్నాడు.

ఇక సామాను. స్టీల్ ప్లాంటు ఉన్న ఊళ్లో రేకుకు కొదవేమిటని అనిపించొచ్చు గానీ అక్కడ తయారయ్యేవి కడ్డీలూ తీగచుట్టలూ లాంటివే, రేకులు కావు. అయినా ఉక్కు ఈ పనికి పనికిరాదు. అల్యూమినియంతో మాత్రం ఈ ఊరికి బంధం ఉంది. ఒడిశాలోని దామన్‌జోడి నుంచి రైల్లో దిగే, అల్యూమినియానికి ముడిసరుకైన తెల్లటి అల్యూమినా పొడి విశాఖ పోర్టులోనే ఓడలెక్కుతుంది. పిల్లల చేతిలోని రేకు ఒకప్పుడు తూర్పు కనుమల్లోని ఎర్రమట్టి లాంటి రాయి అయి ఉండొచ్చని భూగోళం పీరియడులో చెప్పుకోవచ్చు.

కావలసింది 0.1 నుంచి 0.15 మిల్లీమీటరు మందమున్న మెత్తటి అల్యూమినియం రేకు. వంటింటి ఫాయిల్ 0.01, 0.02 మధ్య ఉంటుంది, గోరు తగిలినా చిరుగుతుంది. కూల్‌డ్రింక్ డబ్బా కోసి వాడదామనే ఆలోచన అందరికీ వస్తుంది. దాని గోడ మందం సరిగ్గానే ఉంటుంది, కానీ అది తయారీలోనే బాగా గట్టిపడ్డ లోహం, ఉబ్బించబోతే పగులుతుంది, అంచులు బ్లేడులా కోస్తాయి. ప్రింటింగ్ ప్రెస్సుల్లో వాడి పడేసే ఆఫ్‌సెట్ ప్లేట్లు తక్కువకే దొరుకుతాయి, కొన్నిచోట్ల ఊరికే ఇస్తారు. అవి 0.15 నుంచి 0.3 దాకా మందం, పైగా గట్టిరకం. గీతల పనికి పర్వాలేదు, ఉబ్బు పనికి పిల్లల చెయ్యి చాలదు. రంగు, రసాయనపు పూత కూడా ఉంటాయి కాబట్టి కడగకుండా ఇవ్వకూడదు. ఊరికే వచ్చిందని తెచ్చి, "ఈ కళ కష్టం" అని పిల్లలు అనుకునేలా చేసుకోవడం కంటే పూర్ణా మార్కెట్ వైపు ఒక చక్కర్ కొట్టి సరైన రేకు వెతుక్కోవడం నయం.

ఎంత కొనాలి? ముప్పై సెంటీమీటర్ల వెడల్పు చుట్టలో మీటరుకు పదిహేను సెంటీమీటర్ల చదరాలు పన్నెండు వస్తాయి. నలభై మంది తరగతికి నాలుగు మీటర్లు తెస్తే కనీసం నలభై ఎనిమిది ముక్కలు, చిరిగిపోయేవాటికి ఎనిమిదైనా అదనం. 0.1 మిల్లీమీటరు మందమైతే ఆ మొత్తం రేకు బరువు 325 గ్రాములు, కిలోలో మూడో వంతు కూడా లేదు. అదే రాగిలో కొంటే కిలో దాటుతుంది, కిలో ధర కూడా అల్యూమినియానికి కొన్ని రెట్లు ఉంటుంది. అందుకే రాగి చివర్లో, చెయ్యి కుదిరిన పిల్లలకు, అగ్గిపెట్టెంత ముక్క. అది మెత్తగా, నిండుగా సాగే తీరు ఒకసారి వేళ్లకు తెలిస్తే అల్యూమినియం వట్టి కాగితంలా అనిపిస్తుంది.

మూడు, నాలుగు తరగతుల పిల్లల చేతులకు రేకు కోతలెందుకు? అట్టముక్క మీద జిగురుతో దారం ముగ్గులా అంటించి, దాని మీద వంటింటి ఫాయిల్ కప్పి, దూదితో రుద్దిస్తే సరిపోతుంది. దారం గీతలా తేలుతుంది. అసలు రేకు ఆరో తరగతి నుంచి. పంచగానే మొదట చేయించాల్సింది నాలుగు అంచులూ అర సెంటీమీటరు లోపలికి మడవడం, కోతలు సగానికి సగం అక్కడే తప్పుతాయి.

ఉబ్బించిన బొమ్మ వెనక బోలుగా ఉంటుంది, వేలు తగిలితే సొట్ట పడుతుంది. నింపాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు వాల్ పుట్టీ. ఇంటికి రంగులు వేసినప్పుడు మిగిలిన సంచీ ఎవరింట్లోనో ఉంటుంది, తెల్లగా ఉంది కదా అని కలిపి నింపేస్తారు. అందులో ఉండేది తెల్ల సిమెంటు. తడి సిమెంటుకు క్షారగుణం ఎక్కువ, క్షారం అల్యూమినియాన్ని తింటుంది. బుడగలు వస్తాయి, ఆ బుడగలు హైడ్రోజన్. పల్చబడ్డ చోట రేకుకు చిల్లులు పడే ప్రమాదమూ ఉంది. పదో తరగతి వాళ్లకు ఇది మంచి ప్రయోగం, ఆరో తరగతి వాళ్ల చేపకు మాత్రం మరణశిక్ష. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఈ బాధ లేదు, అయితే గడ్డకట్టేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి పిల్లలు వేళ్లు పెట్టి కూర్చోకూడదు. అన్నిటికంటే సుఖం కాగితం గుజ్జులో మైదా జిగురు కలిపిన ముద్ద. కొండపల్లి బొమ్మల వాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసుకునే మక్కు లాంటిది కూడా వాడి చూడొచ్చు. ఆరడానికి రెండు రోజులు పడుతుంది. విశాఖ గాలికి ఒక్కోసారి మూడు.

ఆ గాలి గురించి వేరేగా చెప్పాలి. బీచ్‌కు దగ్గర్లో ఉన్న ఇళ్లలో కిటికీ ఊచలు, ఏసీ పెట్టెలు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఈ ఊరివాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అల్యూమినియం తన మీద తనే ఒక పల్చటి ఆక్సైడ్ పొర కప్పుకుని బతుకుతుంది, కానీ ఉప్పుగాలిలోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా తొలిచి తెల్లటి పుట్టలు లేపుతుంది. రాగి మీద చెమట చేతి వేలిముద్ర పడితే కొద్దిరోజుల్లో అది గోధుమరంగు ముద్రగా తేలుతుంది. కాబట్టి ఈ ఊళ్లో చేసిన రేకు బొమ్మను వేడినీళ్లలో కొద్దిగా సబ్బుతో కడిగి, ఆరబెట్టి, అంచులు పట్టుకుని, పారదర్శక వార్నిష్ ఒక పూత వేయకుండా గోడకు పెట్టకూడదు. రాగిదైతే ముందు చింతపండుతో రుద్దాలి. ఇంట్లో రాగి చెంబుకు అమ్మ చేసే పనే, పులుపులోని ఆమ్లం ఆ నల్లపొరను కరిగిస్తుంది. నలుపు కోసం రాగిమీద గంధకపు మందు పూసే పద్ధతి పుస్తకాల్లో ఉంటుంది. కుళ్లిన గుడ్ల వాసన వేసే ఆ వాయువు తరగతి గదిలో వద్దు. నల్ల అక్రిలిక్ రంగు పూసి, తడి ఆరకముందే తుడిచేస్తే చాలు. బూటు పాలిష్ కూడా తీసిపోదు.

ఇంతా చేస్తే ఎవరు నేర్పాలి అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ప్రభుత్వ బడుల్లో సమగ్ర శిక్ష కింద పార్ట్ టైమ్ ఆర్ట్ ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు. వాళ్లున్న చోట కూడా డ్రాయింగ్ పీరియడు పరీక్షల కాలానికి లెక్కలకో సైన్సుకో వెళ్లిపోతుంది. ప్రైవేటులో ఆ పీరియడు టైమ్‌టేబుల్లోనే బతుకుతుంది. చేతిపని ద్వారా చదువు అన్న మాట మనకు కొత్తదేం కాదు. 1937లో వార్ధాలో గాంధీ ముందుకు తెచ్చిన నయీ తాలీం సారం అదే. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచీ లేకుండా బడికి వచ్చి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. ఆ పది రోజుల్లో రెండు రోజులు చాలు, ఈ ఊళ్లో చేయగలిగింది చాలా ఉంది.

వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ చుట్టుపక్కల బంగారం, వెండి దుకాణాల వెనక చిన్న చిన్న గదుల్లో పని చేసేవాళ్లుంటారు. అచ్చు మీద యంత్రం కొట్టిన రేకులు వచ్చాక చేతి నకాషీకి గిరాకీ తగ్గింది. అయినా దేవుడి కవచానికో, మకరతోరణానికో చెయ్యి కావాల్సి వస్తే పిలిచేది వాళ్లనే. అలాంటి ఒక పెద్దాయనను బడికి పిలిచి కుర్చీ వేసి శాలువా కప్పి పంపేయడం కాకుండా, ఆయన చేత గంటసేపు రేకు కొట్టించి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టాలి. ఆయన మాటల్లో చెప్పలేని సంగతి సుత్తి చప్పుడులో ఉంటుంది. దెబ్బ సరిగ్గా పడితే ఒక చప్పుడు, రేకు కింద బోలు ఉంటే ఇంకో చప్పుడు. పారితోషికం ఇవ్వాలి, ఒక రోజు కూలి పోగొట్టుకుని వస్తాడు కదా. ఇంకో సంగతి. ఇది చాలాకాలం కొన్ని ఇళ్లలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన పని. "కంసాలి పని మావాడికెందుకు" అనే మాట ఇప్పటికీ కొన్ని నోళ్లలో వినిపిస్తుంది, ఆ పని చేసే ఇళ్లలోనూ ఆడపిల్లలకు సుత్తి అందింది తక్కువే. బడి బల్ల మీద అందరికీ ఒకే కొలత రేకు పంచినప్పుడు జరిగే మార్పు చిన్నది కాదు.

మార్కుల సంగతి తేలకపోతే మాత్రం అంతా పాత దారిలోకే వస్తుంది. పూర్తయిన బొమ్మకు మార్కులేస్తే పిల్లలు చిరగని బొమ్మ వైపు, అంటే లోతు లేని బొమ్మ వైపు జరుగుతారు. ఇంట్లో పెద్దలు చేసిపెట్టడం కూడా అక్కడే మొదలవుతుంది. దానికి బదులు ప్రతి పిల్లకూ వేలెడు వెడల్పు నమూనా పట్టీ ఒకటి ఇవ్వాలి. దాని మీద ఐదు గళ్లు. మొదటి గడిలో ఎంత తేలిగ్గా కుదిరితే అంత తేలిగ్గా నొక్కాలి, ఐదో గడిలో చిరిగేదాకా. చిరగాలి, అది నియమం. మొదటి పీరియడులో ఒకటి, ఆఖరి పీరియడులో ఒకటి. రెండు పట్టీలూ తేదీలు వేసి నోటుబుక్కులో పక్కపక్కన అంటిస్తే, నాలుగో గడి మొదటిసారి ఎంత లోతు, రెండోసారి ఎంత లోతు అనేది స్కేలు పెట్టి కొలవొచ్చు. చెయ్యి ఎంత నేర్చిందో అక్కడ కనిపిస్తుంది, వినాయకుడిలో కనిపించదు.

వార్షికోత్సవం గోడ వద్దని కాదు. చార్టు మీద అంటించడం మానేసి, కొన్నిటినైనా ముద్ద నింపకుండా దారాలతో గది మధ్యలో వేలాడదీయొచ్చు. ఫ్యాను గాలికి తిరుగుతూ రెండు ముఖాలూ కనిపిస్తాయి. ఒక వైపు నుంచి మెరిసే బొజ్జ, రెండో వైపు నుంచి కర్రమొన నడిచిన చుట్లు, తొందరపడ్డ చాళ్లు, ఎక్కడో ఒక చిన్న చిరుగు. అటువైపు నుంచి చూసే నాయనమ్మకు తొండం ఎడమకే కనిపిస్తుంది.